పారిపోయే చంద్రుడు

కంప్యూటర్లు మా బడికి వచ్చిన రోజు మా హెడ్‌మిస్ట్రెస్ వాటికి కొబ్బరికాయ కొట్టించి, పసుపు కుంకుమ పెట్టించి, గదికి తాళం వేయించింది. ఆ తాళం వానాకాలం సగం గడిచేదాకా తియ్యలేదు. పిల్లలు కిటికీ చువ్వలు పట్టుకుని, గుడ్డలు కప్పిన రెండు పెట్టెలను చూసి వెళ్ళేవారు. గుళ్ళో అమ్మవారికైనా రోజూ తెర తీస్తారు గాని, మా యంత్రాలకు ఆ భాగ్యం కూడా లేదు.

ఇది ఎనభైల చివరి మాట. నల్లగొండ జిల్లాలో ఒక చిన్న పట్టణం, అందులో ఒక ఆడపిల్లల హైస్కూలు. ఊరి పేరు చెప్పను, మనుషుల పేర్లూ చెప్పను. అందరూ మంచివాళ్ళే, అయినా పేర్లు రాస్తే కొందరికి కోపం, రాయకపోతే కొందరికి కోపం. ఏదో ఒక కోపం తప్పనప్పుడు రాయకుండా తెచ్చుకోవడమే నయం.

నేను అక్కడ లెక్కల టీచరును. మొన్న మా పక్కింటమ్మాయి, ఆటలు తయారుచేసే కంపెనీలో పనిచేస్తుంది, తను రాసిన ఆట ఒకటి చూపించింది. ఒక గ్రహం, దాని చుట్టూ తిరిగే ఉపగ్రహం. "నాలుగు లైన్లు రాస్తే చాలు ఆంటీ, మిగతాదంతా అదే చూసుకుంటుంది" అంది. నాకు నవ్వొచ్చింది. ఆ నాలుగు లైన్ల కోసం మేమిద్దరం టీచర్లం సగం వానాకాలం కొట్టుకున్నాం. ఆ గొడవ మీలాంటి పిల్లలకు చెప్పాలనిపించింది. అందులో నా గొప్ప ఏమీ లేదు. గొప్పంతా ఆపాది.

ఆపా అంటే మా ఫిజిక్స్ టీచర్. ఉర్దూలో అక్క అని అర్థం. నాకంటే పదేళ్ళు పెద్ద. కల్వకుర్తిలో సైకిల్ షాపు నడిపే ఆయన కూతురు. చేతిలో ఎప్పుడూ సుద్దముక్క, నోట్లో ఎప్పుడూ ఒక ప్రశ్న. స్టాఫ్‌రూములో అందరం చీరలూ, డీఏలూ, కోడళ్ళ గురించి మాట్లాడుకుంటుంటే ఆమె చాయ్ గ్లాసులో చెంచా తిప్పి, "నీళ్ళు గుండ్రంగ తిరుగుతాంటే చాయ్‌పత్త అంచుకు పోవాలె గద, నడిమిట్లకు ఎందుకొస్తాంది?" అని అడిగేది. మేము ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం. చాయ్ చల్లారేది.

ప్రభుత్వం ఆ రెండు యంత్రాలను పంపినప్పుడు మా ఇద్దరినీ హైదరాబాదులో కొన్నాళ్ళు శిక్షణకు పంపింది. ఇప్పటి పిల్లలకు చెప్తే నమ్మరు. కీబోర్డులోనే యంత్రమంతా ఉండేది. దానికి చిన్న టీవీలాంటి తెర తగిలించాలి. రాసిన ప్రోగ్రాం దాచుకోవాలంటే పాటల టేప్‌రికార్డరే గతి. క్యాసెట్ పెట్టి మీట నొక్కితే చెవులు చిల్లులు పడేలా కీచుమని అరిచి, ఓపిక నశించేదాకా అరిచి, అప్పుడు ప్రోగ్రాం ఎక్కేది. మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటికే. పొలాల మోటర్లన్నీ ఒక్కసారి నడిచే మా జిల్లాలో కరెంటు ఎంత నమ్మకంగా ఉండేదో మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళనడగండి.

శిక్షణ నుంచి వచ్చాక ఆపా తిన్నగా హెడ్‌మిస్ట్రెస్ గదికి వెళ్ళి తాళం చెవి అడిగింది. హెడ్‌మిస్ట్రెస్ను మేమంతా పెద్దమేడం అనేవాళ్ళం. మనసు వెన్న, భయం మాత్రం కొండంత.

"ముట్టుకుంటే పాడైతయ్ ఆపా. పాడైతే నా పింఛన్ల గోస్తరు" అంది పెద్దమేడం.

"ముట్టకుంటె గూడ పాడైతయ్ మేడం, ఎలుకలు కొరికి."

"మీరిద్దరు ముట్టుండ్రి. పిల్లలు దూరంకెల్లి చూస్తరు."

ఆపా మొహం అప్పుడు మారింది. ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడే మనిషి, గొంతు తగ్గించి చెప్పింది. "నేను చదువుకున్నప్పుడు ల్యాబ్‌ల ఆడపిల్లలను గోడకు నిలవెట్టి దూరంకెల్లే చూపిచ్చిండ్రు మేడం. మొగపిల్లలు ముట్టిండ్రు. నేను టీచరైనంకనే మొదటిసారి అయస్కాంతం చేతుల వట్టిన. గీ పిల్లలకు గా గతి వద్దు."

పెద్దమేడం చెంగుకు కట్టుకున్న తాళం చెవి విప్పి ఇచ్చింది. చెప్పులు బయట విడవాలి, లోపల ఏమీ తినకూడదు, తాగకూడదు అని షరతులు పెట్టింది. అన్నిటికీ ఆపా తలూపింది.

అయితే గది తెరుచుకున్న కొద్ది రోజులకే పిడుగులాంటి మాట వచ్చింది. మా ఊళ్ళోనే ఇంకో కొసన ఉన్న మగపిల్లల హైస్కూలుకు కూడా ఇలాంటివే రెండు యంత్రాలు ఇచ్చారు. జిల్లా అధికారి ఒకాయన హెడ్మాస్టర్ల మీటింగులో, "రెండు చోట్లా మూలకు పడ్డాయని విన్నాను. దసరా సెలవులయ్యాక వచ్చి చూస్తాను. ఎక్కడ పనికొస్తున్నాయో నాలుగూ అక్కడికే పంపిస్తాను" అన్నారట. మీటింగు నుంచి వచ్చిన పెద్దమేడం కుర్చీలో కూలబడింది. మగపిల్లల బడిలో కంప్యూటర్ల కోసం ప్రత్యేకంగా ఒక కుర్ర మాస్టరు ఉన్నాడు. మా దగ్గర మేమిద్దరం, అదీ మా పాఠాలు పోగా మిగిలిన పీరియడ్లలో. నాలుగూ అటే పోతాయని మాకు దాదాపు ఖాయమైపోయింది. ఒకసారి పోతే మా పిల్లలకు అవి కళ్ళబడవు. కూతుర్ని మగపిల్లల బడి గేటు దాటనిచ్చే తండ్రి ఆ ఊళ్ళో ఎవరూ లేరు.

"ఏం చూపిద్దాం ఆపా?" అనడిగాను.

"చంద్రున్ని" అంది ఏ మాత్రం ఆలోచించకుండా. "భూమి చుట్టు చంద్రున్ని తిప్పుదాం. పిల్ల మీట నొక్కి చంద్రున్ని తోయాలె. మెల్లగ తోస్తె భూమి మీద వడాలె. జోరుగ తోస్తె పారిపోవాలె. సరిగ్గ తోస్తె తిరగాలె. ఆట ఆడుకుంటనె పాఠం అయిపోతది."

నాకు అది తేలికగా తోచింది. ఆ పూటే సైన్లూ కొసైన్లూ వేసి ప్రోగ్రాం రాసి, చంద్రుణ్ణి చక్కగా గుండ్రంగా తిప్పి చూపించాను. గీత గీసినట్టు, ఎక్కడా తడబాటు లేదు. పెద్దమేడం వచ్చి చూసి ముచ్చటపడింది. ఆపా మాత్రం నడుం మీద చెయ్యి పెట్టుకుని కాసేపు చూసి పెదవి విరిచింది.

"ఇది చంద్రుడు గాదు చెల్లె, గానుగెద్దు. గుండ్రంగ తిరుగుమని నువ్వు చెప్పినవ్, తిరుగుతాంది. చంద్రునికి గుండ్రంగ తిరుగుమని ఎవలు చెప్పిండ్రు? భూమి గుంజుతాంది, వాడు పోతాండు, గంతే. గా రెండు ముక్కలే చెప్పు. తిరుగుడు దానంతల అదే రావాలె."

నాకు ఒళ్ళు మండింది. పని అయిపోయిందనుకున్నాక మళ్ళీ మొదలుపెట్టమంటే ఎవరికి మండదు? కాని ఆమె చెప్పినదాంట్లో తప్పు పట్టడానికేమీ దొరకలేదు. నా గానుగెద్దును ఒక క్యాసెట్లో దాచి, కొత్తది మొదలుపెట్టాను.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పక తప్పదు, ఓర్చుకోండి. చంద్రుడు ఎక్కడున్నాడో ఒక లెక్క, ఎటు ఎంత వేగంతో పోతున్నాడో ఇంకో లెక్క. భూమి ఎంత బలంగా గుంజుతుందో ఉన్న చోటును బట్టి తెలుస్తుంది. ఆ గుంజుడు వేగాన్ని కాస్త మారుస్తుంది. వేగం చంద్రుణ్ణి కాస్త జరుపుతుంది. కొత్త చోట మళ్ళీ గుంజుడు. ఇలా క్షణం తర్వాత క్షణం.

లెక్కల టీచర్లకు ఒక జబ్బు ఉంటుంది. నిన్నటి విలువనూ ఇవాళ్టి విలువనూ ఒకే వరసలో కలిపితే మాకు నిద్రపట్టదు. కలిపిన పిల్లలకు మార్కులు కోస్తాం. అందుకని నేను ఎంతో జాగ్రత్తగా పాత చోటు, పాత వేగం పక్కన రాసిపెట్టుకున్నాను. పాత వేగంతో చంద్రుణ్ణి జరిపాను. పాత చోటులోని గుంజుడుతో వేగాన్ని మార్చాను. అన్నీ ఒకే క్షణానివి. ఎక్కడా కల్తీ లేదు. బోర్డు మీద రాస్తే ఏ ఇన్‌స్పెక్టరూ వేలెత్తి చూపలేడు.

నడిపించాం. చంద్రుడు కదిలాడు, వంగాడు, భూమిని చుట్టి వచ్చాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. రెండో చుట్టు మొదటిదానికన్నా కొంచెం పెద్దదయింది. మూడోది ఇంకా పెద్దది. అలా వెడల్పు అవుతూ అవుతూ చివరికి తెర అంచు దాటి వెళ్ళిపోయాడు.

గుంజుడు పెంచాం. ఈసారి భూమి దగ్గరిదాకా వచ్చి, ఒడిసెల్లోంచి రాయి విసిరినట్టు ఎగిరిపోయాడు. తోపు తగ్గించాం. కిందపడ్డాడు. క్షణాన్ని ఇంకా చిన్న చిన్న ముక్కలు చేశాం. మెల్లగా పారిపోయాడు గాని పారిపోవడం మానలేదు. ఎక్కడ తప్పుందో ఇద్దరికీ అంతుబట్టలేదు. నేను లెక్క సరిచూస్తాను, సరిగానే ఉంటుంది. ఆమె ఫిజిక్స్ సరిచూస్తుంది, అదీ సరిగానే ఉంటుంది. చంద్రుడు మాత్రం ఉండడు.

"న్యూటన్ తప్పు చెప్పలేదు, లెక్కల్లో తప్పు లేదు. ఇక మిషినుకే మనసు లేదు" అన్నాను విసుగొచ్చి.

"మిషినుకు మనసుంటె గదా లేకుండ వోయేది. మనకే ఏదో సమజ్ అయితలేదు" అనేది ఆపా. ఆమెకు విసుగనేది తెలియదు. ప్రతి సాయంత్రం అదే ఉత్సాహంతో వచ్చి కూర్చునేది. చంద్రుడు పారిపోయిన ప్రతిసారీ, సరిగ్గా ఎక్కడ అంచు దాటాడో సుద్దముక్కతో తెర గాజు మీద గుర్తు పెట్టేది. పెద్దమేడం చూస్తే గుండె ఆగిపోయేది. నాకు మాత్రం ఆమెను చూస్తే కుళ్ళుగా ఉండేది, ముచ్చటగానూ ఉండేది. ఓడిపోవడాన్ని అంత ఇష్టంగా చూసే మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

దసరా దగ్గరపడింది. సెలవులకు ముందు చివరి పనిదినాన మా బడిలో బతుకమ్మ ఆడించేవాళ్ళు. పిల్లలు తెల్లవారకముందే పోయి గంపలకొద్దీ తంగేడు, గునుగు, బంతి తెచ్చేవారు. పేర్చడం ఆపా పని. ఆమె పేర్చినంత నిటారుగా ఎవరూ పేర్చలేరని పెద్దమేడం ఏటా ఆమెకే అప్పగించేది. సైకిల్ చక్రం బిగించే చేతుల్లో పెరిగిన చేతులు గదా, ఒక్క వరస కూడా పక్కకు ఒరగనిచ్చేది కాదు.

బతుకమ్మను గ్రౌండు మధ్యలో పెట్టి ఆట మొదలుపెట్టాం. నేనూ వలయంలో ఉన్నాను. చప్పట్లు, వంగడం, అడుగు. పాట సాగుతోంది. ఆ ఏడు ఆరో తరగతిలో కొత్త పిల్లలు ఎక్కువ. వాళ్ళు ఉత్సాహం కొద్దీ ముందు అడుగు వేసేసి, ఆ తర్వాత వంగి చప్పట్లు కొడుతున్నారు. చూస్తుండగానే వలయం పెద్దదైపోయింది. కొందరు పిల్లల వీపులు కాంపౌండు గోడకు తగులుతున్నాయి. బతుకమ్మ ఎక్కడో దూరంగా ఒంటరిగా నిలబడిపోయింది.

పెద్దమేడం వరండాలోంచి గట్టిగా కేకేసింది. "ఏందే, గోడలెక్కుతరా ఏంది? ముందుగాల లోపల్కి వొంగుండ్రి, గప్పుడు అడుగెయ్యుండ్రి! అడుగేసినంక వొంగితె బతుకమ్మ ఈడ, మీరు ఆడ!"

పిల్లలు నవ్వుతూ సర్దుకున్నారు. ముందు వంగి, తర్వాత అడుగు. వలయం మళ్ళీ దగ్గరకొచ్చి నిలిచింది.

ఎవరో నా జబ్బ పట్టుకుని వలయంలోంచి బయటికి లాగారు. చూస్తే ఆపా. చేతినిండా గునుగు పూలు, కళ్ళు పెద్దవయ్యాయి.

"చెల్లె, నీ చంద్రుడు ముందుగాల అడుగేస్తాండు. అటెన్క వొంగుతాండు."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక కోపం వచ్చింది. "అంటే? ముందు వేగం మార్చి, ఆ కొత్త వేగంతోనే జరపమంటావా? పాత చోటు, కొత్త వేగం! రెండు క్షణాలు కలిసిపోతయి ఆపా. అది లెక్కల్లో తప్పు."

"కలవనీ."

"లెక్క ఒప్పుకోదు."

"లెక్క ఒప్పుకోకుంటె మాయె. చంద్రుడు ఒప్పుకుంటడేమో అడుగుదాం పా."

తాళం చెవికని వెళ్తే పెద్దమేడం ఆశ్చర్యపోయింది. "పండుగపూట గా పెట్టెల కాడ ఏం పనే?"

"మీరే చెప్పిండ్రు గద మేడం" అంది ఆపా.

"నేనేం చెప్పిన?"

జవాబు చెప్పడానికి ఆపా అక్కడ లేదు. చెప్పులు విడిచి అప్పటికే గదిలోకి పోయింది. ఆ పూట కరెంటు ఉండడం మా అదృష్టం. క్యాసెట్ కీచుమని అరుస్తున్నంతసేపూ బయట పిల్లల పాట వినిపిస్తూనే ఉంది. నేను లైన్లు మార్చాను. పాత వేగాన్ని పక్కన దాచుకునే లైన్ కొట్టేశాను. ముందు గుంజుడు, తర్వాత వేగం, ఆ కొత్త వేగంతోనే అడుగు. నా చేతులతో నేనే తప్పు లెక్క చేస్తున్నట్టు వేళ్ళు మొరాయించాయి.

చంద్రుడు కదిలాడు. ఒక చుట్టు తిరిగాడు. రెండో చుట్టులో మొదటి దారి పక్కనే వచ్చాడు. ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశాం. ఎంతసేపటికీ అంచు దాటలేదు. కొంచెం కోడిగుడ్డులా అటూ ఇటూ సాగినా మళ్ళీ మొదటికే వస్తున్నాడు. ఆపా తెరకు దగ్గరగా వంగి చూస్తూ ఉండిపోయింది. ఆమె చెంపలు తడిసి ఉన్నాయి. నాకూ ఏడుపొచ్చింది. ఒక చుక్క ఇంకో చుక్క చుట్టూ తిరుగుతుంటే ఇద్దరాడవాళ్ళం ఏడుస్తున్నామంటే బయటివాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి.

అది ఎందుకు నిలిచిందో నాకు చాలా ఏళ్ళ తర్వాత గాని తెలియలేదు. నా పద్ధతిలో ప్రతి అడుగులోనూ జరిగే చిన్న తప్పు ఎప్పుడూ బయటికే తోస్తుంది, పోగవుతుంది. ఆపా పద్ధతిలోనూ తప్పు ఉంది, కాని ఒక చోట బయటికి తోస్తే ఇంకో చోట లోపలికి లాగుతుంది, పోగవదు. తప్పు లేకపోవడం కాదు, తప్పు పెరగకపోవడమే కావలసిందని అప్పుడు అర్థమైంది. పెద్ద పెద్ద చదువుల్లో దీనికి నోరు తిరగని పేరేదో ఉందట.

పాట అయిపోయాక పెద్దమేడం మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. తెర వంక చాలాసేపు చూసింది.

"ఇగ పోతలేదా?" అంది.

"పోతలేదు మేడం" అంది ఆపా.

"మంచిగుంది." అని, చేతిలో ఉన్న, రొట్టె బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు రెండు మా ఇద్దరి చేతుల్లో పెట్టి, "తినుండ్రి, పొద్దుగాల్నుంచి ఏం తినలే" అంది. ఆ గదిలో తినకూడదన్న షరతు ఆమెకే గుర్తు లేదు. మేమూ గుర్తు చెయ్యలేదు.

సెలవుల తర్వాత పిల్లలకు ఆట అలవాటయింది. మీటను ఎంతసేపు నొక్కి పట్టుకుంటే అంత జోరుగా తోసినట్టు. వాళ్ళు దానికి సొంత మాటలు కూడా పెట్టుకున్నారు. మెల్లగా తోస్తే చంద్రుడు బావిలో పడ్డట్టు భూమి మీద పడతాడు గదా, దానికి "బాయిల వడ్డడు" అనేవారు. జోరుగా తోసి తెర దాటిస్తే "అత్తగారింటికి పోయిండు" అనేవారు. పట్టణం పిల్లలూ, చుట్టుపక్కల పల్లెల నుంచి నడిచొచ్చే పిల్లలూ, మగ్గం నేసే సాలోళ్ళ పిల్లలూ, తురకోళ్ళ పిల్లలూ అందరూ వరసలో నిలబడి వంతు కోసం తోసుకునేవారు. తమ వంతు దాటిపోతే ఏడ్చేవారు.

అధికారి వచ్చే రోజు వచ్చింది. ఆయన ముందు మగపిల్లల బడికి వెళ్ళారు. ఆయన కన్నా ముందే అక్కడి వార్త మాకు వచ్చింది. ఆ కుర్ర మాస్టరు రంగురంగుల గ్రహాలను సూర్యుడి చుట్టూ తిప్పాడట, వెనక సంగీతం కూడా వస్తోందట. పెద్దమేడం నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "మన కాడ గుండ్రంగ తిరిగేది ఒకటుండె గద, నున్నగ, అందంగ. గదే పెట్టు బిడ్డా. గిదేమో కుంటుతాంది."

ఆమె అన్నది నిజమే. ఆ చిన్న యంత్రం ప్రతి అడుగుకూ గుంజుడు లెక్కపెట్టుకోవాలి గదా, చంద్రుడు ఆగి ఆగి కదిలేవాడు. నా చేతిలో రెండు క్యాసెట్లు. ఆపా వంక చూశాను.

"నీ ఇష్టం చెల్లె" అంది. అంతే అంది. ఇంకేమైనా అని ఉంటే నేను వాదించేదాన్ని. అలా అన్నాక ఇంకేం చేస్తాను, ఆమెదే పెట్టాను.

అధికారి వచ్చారు, వెంట ఆ మాస్టరు కూడా వచ్చాడు. గడపలో చెప్పులు విడిచి ఇద్దరూ లోపలికొచ్చారు. క్యాసెట్ అరుపు అయ్యేదాకా అధికారి, పెద్దమేడం తన షరతు పక్కనబెట్టి ఇచ్చిన చాయ్ గ్లాసు పట్టుకుని ఓపిగ్గా నిలబడ్డారు. తెర మీద చంద్రుడు కుంటుకుంటూ బయలుదేరాడు. అధికారి మొహంలో ఏ భావమూ లేదు.

"మీ చంద్రుడు జర కుంటుతాండు మేడం" అన్నాడు మాస్టరు, నవ్వాపుకుంటూ.

"ఎవలు మోస్తలేరు సార్. వాడే నడుస్తాండు, గందుకే" అంది ఆపా. ఆ తర్వాత కుర్చీ జరిపి, అధికారితో, "మీరే తోయుండ్రి సార్" అంది.

ఆయన మొహమాటంగా కూర్చుని మీట నొక్కారు. చంద్రుడు వంగి, వంగి, భూమి మీద పడ్డాడు.

కిటికీ దగ్గర్నుంచి పిల్లలంతా ఒక్కసారిగా అరిచారు. "బాయిల వడ్డడు!"

పెద్దమేడం గుండె మీద చెయ్యి వేసుకుంది. అధికారి వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ నొక్కారు. ఈసారి జోరుగా. చంద్రుడు తెర దాటి పోయాడు.

"అత్తగారింటికి పోయిండు!"

ఆయన పకపకా నవ్వారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, కుర్చీ ముందుకు లాక్కున్నారు. ఆ తర్వాత ఆయన జిల్లా అధికారి అన్న సంగతి ఆయనకే గుర్తులేదు. పడేశారు, పారిపోనిచ్చారు, మళ్ళీ తోశారు. చాయ్ చల్లారింది. బయట జీపు డ్రైవరు రెండుసార్లు తొంగిచూశాడు. చివరికి ఆయన ఓడిపోయి, తొమ్మిదో తరగతి పిల్ల ఒకర్తిని పిలిచి, "నువ్వు నిలబెట్టు చూద్దాం" అన్నారు. ఆ పిల్ల వచ్చి, నిలబడే నొక్కింది. చంద్రుడు భూమి చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు.

"నీకెట్లా తెలిసింది ఎంత తోయాలో?"

"మస్తు సార్లు బాయిల ఏసిన సార్" అంది ఆ పిల్ల.

అధికారి లేచి పెద్దమేడంతో, "ఇంకేం చూడక్కర్లేదు. నాలుగూ ఇక్కడికే పంపిస్తాను" అన్నారు.

పెద్దమేడం చేతులు జోడించింది. మాస్టరు తల వంచుకున్నాడు. నవ్వు ఎప్పుడో పోయింది పాపం. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. అప్పుడు ఆపా గొంతు వినిపించింది.

"సార్, గా రెండు ఆడ్నే ఉండనీయుండ్రి."

పెద్దమేడం ఆమె మోచేతి దగ్గర గిల్లడం నేను చూశాను. ఆపా చెయ్యి కూడా జరపలేదు.

"అదేంటి? గెలిచినవాళ్ళకు నాలుగూ అని ముందే అనుకున్నాం గదా" అన్నారు అధికారి.

"అది మీరనుకున్నరు సార్, మేం అనుకోలే. మా పిల్లలు ముట్టుకోవాలని అడిగిన. ముట్టుకుంటున్నరు. గా పోరగాండ్ల చేతులకెల్లి గుంజుకోని మాకెందుకు? వాండ్లు గూడ పిల్లలే గద."

"అక్కడ ఈ ఆట నేర్పేదెవరు మరి?"

"శనివారం శనివారం నేను పోత. గీ చెల్లె గూడ వస్తది."

నన్నొక మాట అడగలేదు. నేనూ కాదనలేదు. అధికారి ఆమె వంక అదోలా చూసి, "సరేనమ్మా" అని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. పెద్దమేడం రెండు రోజులు ఆపాతో మాట్లాడలేదు. మూడో రోజు తనే చాయ్ పంపించింది.

మొదటి శనివారం ఒక రిక్షాలో మేమిద్దరం మగపిల్లల బడికి వెళ్ళాం. మాస్టరు ముభావంగా ఉన్నాడు. మేము వెక్కిరించడానికి వచ్చామనుకున్నాడేమో. ఆపా ముందు ఆయన ప్రోగ్రామే నడిపించమంది. గ్రహాలు రంగుల్లో, సంగీతంలో నున్నగా తిరిగాయి.

"రంగులు మస్తు వెట్టిండ్రు సార్. గిట్ల వెట్టుడు మాకు రాదు, నేర్పియ్యాలె" అంది. మాటవరసకు కాదు, నిజంగానే అడిగి, పక్కన కూర్చుని నేర్చుకుంది. మాస్టరు బిగుసుకున్న భుజాలు సడలాయి.

తర్వాత ముందు బెంచీలోని ఒక కుర్రవాణ్ణి పిలిచి కుర్చీలో కూర్చోబెట్టింది. "నడిమిట్ల సూర్యుడున్నడు గద, తీసెయ్యి బిడ్డా" అంది. వాడు భయపడుతూ మాస్టరు వంక చూశాడు. ఆయన తలూపాడు. వాడు ఆ లైన్ కొట్టేశాడు. సూర్యుడు మాయమయ్యాడు. గ్రహాలు మాత్రం ఏమీ జరగనట్టు ఖాళీ జాగా చుట్టూ అలాగే తిరుగుతున్నాయి. పిల్లలు నవ్వారు. మాస్టరు నవ్వలేదు. దగ్గరికొచ్చి, రెండు చేతులూ బల్ల మీద ఆన్చి చూస్తూ నిలబడ్డాడు.

ఆపా మా క్యాసెట్ ఎక్కించింది. చంద్రుడు భూమి చుట్టూ తిరగడం మొదలుపెట్టాక, అదే కుర్రవాడితో, "ఇగ భూమిని తీసెయ్యి" అంది.

వాడు తీసేశాడు.

చంద్రుడు వంగడం మానేశాడు. అప్పటికి ఎటు పోతున్నాడో అటే, ఒక్క పిసరు కూడా పక్కకు తిరగకుండా, తిన్నగా పోయాడు. తెర అంచు దాటాడు.

"యాడికి పోయిండు మేడం?" అన్నాడు ఆ కుర్రవాడు మెల్లగా.

"గుంజెటోల్లు లేరు గద బిడ్డా, సీదా పోయిండు. ఇగ పోతనే ఉంటడు."

వృత్తానికి స్పర్శరేఖను నేను ఎన్నిసార్లు బోర్డు మీద గీసి ఉంటానో చెప్పలేను. బాణం గుర్తు పెట్టి, లంబం అని రాసి, పిల్లల చేత వల్లె వేయించి, డస్టరుతో తుడిచేసేదాన్ని. అది ఒకడు నడిచిపోయే దారి అని నాకు ఎన్నడూ తోచలేదు. ఆ మధ్యాహ్నం, పరాయి బడిలో, పిల్లల మధ్య నిలబడి మొదటిసారి చూశాను. నా ప్రమేయం లేకుండానే నోట్లోంచి మాట వచ్చేసింది.

"ఆపా, ఇంకొక్కసారి చూపియ్యవా?"

ఆమె నా వంక తిరిగి నవ్వింది.

"నన్నేం అడుగుతవ్ చెల్లె? గా పోరన్ని అడుగు. మిషిను వాని చేతుల ఉంది."